గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు

మా పెద్దబాపును పాము కరిచిన ఏడు నేను ఎనిమిదో తరగతి. అవి రాత్రి కరెంటు రోజులు. త్రీఫేజ్ ఎప్పుడొస్తే అప్పుడే మోటరు వెయ్యాలి, అది అర్ధరాత్రి పన్నెండింటికైనా తెల్లవారుజాము మూడింటికైనా. ఆలేరు వాగు పక్క పొలాల్లో ఆ వేళకు బ్యాటరీ లైట్లు ఒక్కొక్కటే కదలడం ఊళ్ళోంచి కనిపించేది. స్టార్టర్ డబ్బా కింద గడ్డిలో కాలు పెట్టాడు పెద్దబాపు. కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే బుస లాంటి చప్పుడు విన్నాడట. ఆ తర్వాత మడమ మీద మంట.

ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికే తీసుకెళ్ళారు. అక్కడ నాలుగు గంటలు పోయాయి. తెల్లారేసరికి కాలు మోకాలి దాకా ఉబ్బింది, పళ్ళు తోముకుందామని ఉమ్మితే ఎర్రగా పడింది. అప్పుడు జీపు మాట్లాడి డెబ్బై కిలోమీటర్లు హైదరాబాద్ తీసుకొచ్చారు. నేనెందుకు ఆ జీపులో ఉన్నానో నాకిప్పటికీ అర్థం కాదు, ఎవరూ దిగమనలేదనుకుంటా.

ఆస్పత్రిలో జరిగింది ఒక్కటే నాకు స్పష్టంగా గుర్తుంది. డ్యూటీ డాక్టరు పెద్దబాపు చేతినుంచి కొంచెం రక్తం తీసి, ఒక గాజు గొట్టంలో పోసి, కిటికీ అంచున స్టాండులో నిలబెట్టి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. "దాన్ని ముట్టుకోవద్దు" అని నాకు చెప్పాడు. ఇరవై నిమిషాలకు వచ్చి గొట్టాన్ని నెమ్మదిగా పక్కకు వంచాడు. రక్తం నీళ్ళలా గోడ వెంట జారింది. "గడ్డకట్టలే" అని నర్సుకు చెప్పాడు. ఆ మాటతో పాము కరిచిందా లేదా, ఏ పాము, మందు ఎక్కించాలా వద్దా అన్న చర్చ అంతా ముగిసింది.

ఆ ఏడాది మా నాయనను ఒక ప్రశ్న అడిగాను, నాయన దగ్గర జవాబు లేదు. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టిస్తుందని కాంపౌండర్ చెప్పాడు. మరి గడ్డకట్టించే విషం ఎక్కితే రక్తం నీళ్ళలా ఎందుకుంది? చిగుళ్ళనుంచి ఎందుకు కారింది? ఇంజినీరింగులో చేరాక ఆ ప్రశ్న పక్కన పడింది. రెండేళ్ళ కింద ఒక లాబ్ బిల్లు మళ్ళీ దాన్ని లేపింది. ఆ బిల్లు సంగతి తర్వాత చెప్తాను. ముందు విశాఖపట్నం వెళ్ళాలి.

*

1781లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు తన తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చాడు. తమ్ముడు ఈస్టిండియా కంపెనీలో పెద్ద ఉద్యోగి. రస్సెల్ అంతకు ముందు సిరియాలోని అలెప్పోలో ఇరవై ఏళ్ళు ప్లేగు చూసినవాడు, అప్పటికే యాభై దాటినవాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ చనిపోతే ఆ పదవి ఇతనికి దక్కింది. కంపెనీవాళ్ళకు మొక్కల మీదా రంగుల మీదా ఆసక్తి ఎక్కువ. రస్సెల్‌కు మాత్రం ఒక ప్రశ్న తగులుకుంది: ఇక్కడి పాముల్లో ఏది విషమున్నది, ఏది కాదు? అడిగినవాడల్లా ఒక్కో జవాబు చెప్పేవాడు.

అతను పాములు తెప్పించుకున్నాడు, బొమ్మలు వేయించాడు, కోళ్ళమీదా కుక్కలమీదా కాట్లు వేయించి నిమిషాలు లెక్కపెట్టి రాసుకున్నాడు. తంజావూరు మాత్ర అని అప్పట్లో పేరున్న ఒక పాషాణపు మందును కూడా పరీక్షించాడు. 1789లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. నాకు ఆ పుస్తకంలో నచ్చేది ఒకటుంది. చాలా పాములకు అతను లాటిన్ పేర్లు పెట్టలేదు. ఊళ్ళోవాళ్ళు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో ఒక పాము పేరు కాటుకరేకుల పొడ.

పొడ అంటే మచ్చ. కాటుక రంగు రేకుల్లాంటి మచ్చలున్న పాము. గోధుమరంగు ఒంటి మీద మూడు వరసల నల్లంచు మచ్చలు చూసినవాడెవరో పెట్టిన పేరు అది, ఎవరో మనకు తెలియదు. ఒక ఏడాది తిరగకుండా, 1797లో, లండన్‌లో జార్జ్ షా ఆ పాముకు శాస్త్రీయ నామం పెడుతూ రస్సెల్ పేరు కలిపాడు. ఇప్పుడు దాన్ని డబోయా రస్సెలై అంటారు, ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్. మనం రక్తపింజర అంటాం. పట్టినవాళ్ళ పేర్లు, పేరు చెప్పినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు, చూసి రాసుకున్నవాడి పేరు ఉంది. ఆ కాలపు శాస్త్రమంతా ఇంతే కాబట్టి రస్సెల్ ఒక్కణ్ణి తిట్టి లాభం లేదు. పైగా తెలుగు పేరును దాచిపెట్టినవాడు కూడా అతనే.

*

ఇక మా నాయన జవాబు చెప్పలేని ప్రశ్న. అది నా ఒక్కడిదే కాదని తెలిసినప్పుడు చాలా సంతోషమేసింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీలో ఫెలీచే ఫొంటానా వైపర్ విషం ఎక్కించిన జంతువుల నాళాల్లో రక్తం గడ్డలు కట్టి ఉండడం చూశాడు. వందేళ్ళ తర్వాత కలకత్తాలో జోసెఫ్ ఫేరర్ దీనికి ఎదురైనది చూశాడు. 1872లో వచ్చిన భారతదేశపు విషసర్పాల పుస్తకం అతనిదే. నాగుపాము కాటుతో చచ్చిన జంతువు రక్తం గడ్డకడుతోంది, రక్తపింజర కాటుతో చచ్చినదాని రక్తం నీళ్ళలా ఉండిపోతోంది. ఇద్దరూ అబద్ధం రాసేవాళ్ళు కాదు.

ఈ చిక్కుముడి విడదీసింది సి. జె. మార్టిన్, 1893లో, ఆస్ట్రేలియా నల్లపాము విషంతో. విషం ఎక్కువగా, ఒక్కసారిగా ఎక్కిస్తే నాళాల్లోనే రక్తం గడ్డకట్టి జంతువు అక్కడికక్కడే చస్తుంది. కొద్దికొద్దిగా ఎక్కిస్తే ఏమీ కానట్టు ఉంటుంది, కానీ ఆ తర్వాత తీసిన రక్తం ఎంతసేపు ఉంచినా గడ్డకట్టదు. ఒకే విషం, మోతాదును బట్టి రెండు ఫలితాలు. పదేళ్ళకు, 1903లో, ల్యాంబ్, హన్నా ఇక్కడి రక్తపింజర విషం మీద తమ పరిశీలనలు అచ్చువేశారు. అప్పటికి ఏం జరుగుతుందో తెలిసింది. ఎందుకన్నది ఇంకా తెలియదు, ఎందుకంటే మామూలు రక్తం ఎలా గడ్డకడుతుందో కూడా అప్పటికి తెలిసింది తక్కువే.

1905లో జర్మనీలో పాల్ మొరావిట్జ్ నాలుగు పాత్రలతో ఒక కథ చెప్పాడు. రక్తంలో ఫైబ్రినోజెన్ అనే కరిగిన ప్రోటీన్ ఉంది. దాన్ని త్రాంబిన్ అనే ఎంజైమ్ కత్తిరిస్తే పోగులు పోగులుగా ఫైబ్రిన్ అవుతుంది, అదే గడ్డ. త్రాంబిన్ ఎప్పుడూ రక్తంలో తిరగదు, ప్రోథ్రాంబిన్ అనే నిద్రపోయే రూపంలో ఉంటుంది. గాయపడిన కణజాలం నుంచి వచ్చే ఒక పదార్థం, కాల్షియం కలిసి దాన్ని లేపుతాయి. నాలుగు పాత్రలు, చిన్న నాటిక. ఆ నాటికలో పాత్రలు పెరుగుతూ పోవడమే తర్వాతి యాభై ఏళ్ళ చరిత్ర.

ఆ పాత్రలు పెరిగిన తీరు నాకు ప్రత్యేకంగా ఇష్టం. ప్రతి కొత్త ఫాక్టర్ వెనకా ఒక మనిషి ఉన్నాడు, ఎవరి రక్తంలోనైతే అది లేదో ఆ మనిషి. 1952లో ఇంగ్లండులో స్టీఫెన్ క్రిస్మస్ అనే ఐదేళ్ళ పిల్లాడి రక్తం మామూలు హిమోఫీలియా రక్తం కాదని తేలింది. ఆ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్రిస్మస్ వారపు సంచికలో వచ్చింది, జబ్బు పేరు క్రిస్మస్ జబ్బు. ఆ పిల్లాడు పెద్దవాడై, ఎక్కించుకున్న రక్తం ద్వారా హెచ్ఐవి సోకి 1993లో చనిపోయాడు. ఫాక్టర్-10 ముందు పేరు స్టువర్ట్-ప్రోవర్ ఫాక్టర్, ఇద్దరు రోగుల ఇంటిపేర్లు. తర్వాత అంతర్జాతీయ కమిటీ కూర్చుని అందరికీ రోమన్ అంకెలు ఇచ్చింది. నేనిక్కడ మామూలు అంకెలే వాడతాను.

ఫాక్టర్-12 కథ ఇంకా విచిత్రం. అమెరికాలో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే కార్మికుడు ఆపరేషన్ కోసం వచ్చాడు. అతని రక్తం గాజు గొట్టంలో పోస్తే ఎంతకీ గడ్డకట్టదు. కానీ అతనికి జీవితంలో ఎన్నడూ ఎక్కువ రక్తం పోలేదు. 1955లో ఆస్కార్ రాట్నాఫ్ ఈ సంగతి రాశాడు. గాజు తగిలితే ఫాక్టర్-12 లేస్తుంది, గొట్టంలో గొలుసు అక్కడ మొదలవుతుంది, శరీరంలో మాత్రం అది అంత ముఖ్యం కాదు. హేగ్‌మన్ 1968లో చనిపోయాడు. ఎముక విరిగి మంచాన పడితే కాలి నాళాల్లో గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరి. రక్తం గడ్డకట్టనివాడిగా పేరుబడ్డవాడు రక్తం గడ్డకట్టి పోయాడు.

మా పెద్దబాపు రక్తాన్ని గాజులోనే ఎందుకు పోశారో నాకు అప్పుడు అర్థమైంది. ప్లాస్టిక్ గొట్టంలో పోస్తే ఫాక్టర్-12ను లేపేవాళ్ళుండరు, మంచి రక్తం కూడా ఆలస్యం చేస్తుంది. సబ్బుతో కడిగిన గొట్టం కూడా పనికిరాదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టం, రెండు మిల్లీలీటర్ల రక్తం, ఇరవై నిమిషాలు, కదపకుండా. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు.

*

ఇప్పుడు పాము కథలోకి మళ్ళీ వస్తుంది, ఈసారి మందుగా. 1930లలో లండన్‌లో గ్విన్ మాక్‌ఫార్లేన్ అనే కుర్ర డాక్టరు హిమోఫీలియా రోగుల రక్తం ఆపడానికి దారి వెతుకుతున్నాడు. జంతుప్రదర్శనశాలలో సరీసృపాల బాధ్యత చూసే బర్జెస్ బార్నెట్ సాయంతో రకరకాల పాముల విషాలు పరీక్షించాడు. అన్నిట్లో గెలిచింది రక్తపింజర. ఎంత పలుచన చేసినా, హిమోఫీలియా రక్తాన్ని కూడా అది క్షణాల్లో గడ్డకట్టిస్తోంది. 1934లో లాన్సెట్‌లో రాశారు. పన్ను పీకిన చోట పెట్టే మందుగా స్టిప్‌వెన్ అనే పేరుతో అది బజారులోకీ వచ్చింది. కాటుకరేకుల పొడ విషం లండన్ మందుల షాపులో.

మందుగా దాని విలువ పెద్దగా నిలవలేదు. కానీ పరికరంగా నిలిచింది. నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి కాబట్టి ఈ భాగం నాకు వెంటనే పట్టుబడింది. పది అంచెల పెద్ద సిస్టమ్ పనిచెయ్యడం మానేస్తే, తప్పు ఎక్కడుందో తెలియాలంటే మధ్యలో ఒక అంచెకు నేరుగా ఇన్‌పుట్ ఇచ్చి చూస్తాం. అక్కణ్ణుంచి కిందికి పనిచేస్తే తప్పు పైన ఉన్నట్టు. రక్తపింజర విషం సరిగ్గా ఆ పని చేస్తుంది. పైనున్న అంచెలన్నీ దాటేసి నేరుగా ఫాక్టర్-10ను లేపుతుంది. ఫాక్టర్-7 లేని రోగి రక్తం ఈ విషం వేస్తే గడ్డకడుతుంది. 1950లలో స్టువర్ట్ అనే రోగి రక్తం ఈ విషం వేసినా గడ్డకట్టలేదు. అంటే అతనిలో లోపించింది 7 కాదు, ఇంకోటి. ఫాక్టర్-10ను వేరే పాత్రగా గుర్తించడంలో ఈ పరీక్షకు చోటుంది.

1964లో మాక్‌ఫార్లేన్, అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో పెద్ద పేరు, నేచర్ పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. ఇన్నాళ్ళూ పోగుపడిన ఈ అంకెలన్నీ ఒక జలపాతంలా వరసగా ఉన్నాయి అన్నాడు. ప్రతి ఫాక్టర్ నిద్రలో ఉన్న ఎంజైమ్, పైది కిందిదాన్ని లేపుతుంది. ఒక్క ఎంజైమ్ అణువు కిందివి ఎన్నిటినో లేపగలదు, కాబట్టి ఇదొక ఆంప్లిఫయర్. పైన చీమ నడిస్తే కింద ఏనుగు పరిగెడుతుంది. కొన్ని నెలల తేడాతో అమెరికాలో డేవీ, రాట్నాఫ్ సరిగ్గా ఇదే బొమ్మ గీశారు. మన మెడికల్ కాలేజీల పిల్లలు పరీక్షకు ముందురోజు బట్టీపట్టే ఆ బాణాల పటానికి పుట్టినరోజు అదే.

నిజానికి అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఇంత ఘోరమైన ఆంప్లిఫయర్‌ను ఒంట్లో పెట్టుకుని మనం ఎలా బతుకుతున్నాం? కూరగాయలు తరుగుతూ వేలు తెగితే ఒక గడ్డ కట్టి ఆగిపోతుంది, ఆ గొలుసు చెయ్యంతా, ఒళ్ళంతా ఎందుకు పాకదు? గడ్డకట్టడం కంటే ఆగడమే కష్టమైన పని. దాని చరిత్ర ఆలస్యంగా మొదలైంది, నాకు అదే ఎక్కువ ఆసక్తి.

మొదటి కాపలాదారు యాంటీథ్రాంబిన్. రక్తంలో తిరుగుతూ, లేచిన త్రాంబిన్‌నూ ఫాక్టర్-10నూ పట్టుకుని అతుక్కుపోతుంది, ఇద్దరూ కలిసి చెత్తలోకి. 1916లో అమెరికాలో జే మెక్లేన్ అనే విద్యార్థి గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ గడ్డకట్టనివ్వని పదార్థం కనుక్కున్నాడు. దానికి తర్వాత హెపారిన్ అని పేరొచ్చింది. హెపారిన్ తనంత తాను ఏమీ చెయ్యదు, యాంటీథ్రాంబిన్ చేతిని వేయింతలు వేగంగా కదిలిస్తుంది. పంది పేగుల నుంచి తీసే ఈ మందు మనకు కొత్తేం కాదు. 1978లో హైదరాబాద్‌లో పి.వి.ఎన్. రాజు మొదలుపెట్టిన గ్లాండ్ ఫార్మాకు పేరు తెచ్చినవాటిలో అదొకటి. 1965లో నార్వేలో ఒలావ్ ఎగెబర్గ్ ఒక కుటుంబంలో తరతరాలుగా కాళ్ళలో గడ్డలు కట్టడం చూసి, వాళ్ళలో యాంటీథ్రాంబిన్ సగమే ఉందని చూపించాడు. కాపలాదారు సగం జీతానికి వస్తే ఏమవుతుందో అలా తెలిసింది.

రెండోది ఇంకా అందమైనది. 1976లో స్వీడన్‌లో యోహాన్ స్టెన్‌ఫ్లో ఆవు రక్తపు ప్రోటీన్లను విడదీస్తుంటే మూడో కుప్పగా వచ్చినదానికి పేరు పెట్టలేదు, కుప్ప పేరే ఉంచాడు: ప్రోటీన్ సి. 1981లో ఎస్మన్, ఓవెన్ దాన్ని లేపేది ఎవరో చూపించారు. త్రాంబిన్! గడ్డకట్టించే గొలుసుకు నాయకుడైన త్రాంబిన్, గాయం దగ్గరనుంచి కొట్టుకుపోయి ఆరోగ్యంగా ఉన్న నాళపు గోడకు తగిలితే, అక్కడ త్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టులో దాని బుద్ధి మారిపోతుంది. ఫైబ్రినోజెన్‌ను కత్తిరించడం మానేసి ప్రోటీన్ సి ని లేపుతుంది. లేచిన ప్రోటీన్ సి పోయి ఫాక్టర్-5, ఫాక్టర్-8లను ముక్కలు చేస్తుంది. ఈ రెండూ గొలుసుకు ఆక్సిలరేటర్లు. అంటే గాయం ఉన్నచోట త్రాంబిన్ తన వేగం తానే పెంచుకుంటుంది, గాయం లేనిచోట తన బ్రేకు తానే తొక్కుతుంది. ఎవరూ కూర్చుని ఆలోచించి రాసిన కోడ్ కాదిది, అయినా ఇంత చక్కటి కోడ్ నేను ఎప్పుడూ రివ్యూ చెయ్యలేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1994లో తేలింది: యూరప్‌లో చాలామందికి ఫాక్టర్-5లో ఒక్క అక్షరం మారి ఉంది, ప్రోటీన్ సి కత్తి అక్కడ సరిగా తెగదు.

మూడో బ్రేకు గొలుసు మొదట్లోనే ఉంది. శరీరంలో నిజంగా గొలుసును మొదలుపెట్టేది గాజు కాదు, గాయపు కణజాలం నుంచి బయటపడే టిష్యూ ఫాక్టర్, దానికి తోడు ఫాక్టర్-7. ఆ జంట ఫాక్టర్-10ను లేపుతుంది. లేచిన ఫాక్టర్-10 ఒక నిరోధకాన్ని వెంటబెట్టుకుని వెనక్కి వచ్చి ఆ జంటనే మూసేస్తుంది. పని మొదలయ్యాక తలుపు వేసెయ్యడం అన్నమాట. దీనికి ఫాక్టర్-10 తప్పనిసరి అని 1987లో చూపించిన వ్యాసాల్లో ఒకటి ఎల్. విజయమోహన్ రావు, శామ్యూల్ రాపపోర్ట్ రాసినది. ఆ మొదటి పేరు దగ్గర నేను కాసేపు ఆగాను.

ఇంత చేసినా కట్టిన గడ్డను తర్వాత విప్పాలి కదా, దానికి ప్లాస్మిన్ ఉంది. అది ఫైబ్రిన్‌ను కోస్తే మిగిలే ముక్కల్లో ఒకటి డి-డైమర్. ఆ పేరు మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2021 వేసవిలో ప్రతి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనూ ఎవరిదో ఒకరిది డి-డైమర్ రిపోర్ట్ తిరిగింది. ఐదువందలు దాటితే అందరం భయపడ్డాం, అదేమిటో తెలియకుండానే.

*

ఇప్పుడు పెద్దబాపు మడమ దగ్గరికి వస్తాను.

రక్తపింజర విషంలో గడ్డకట్టే గొలుసుకు సంబంధించినవి ముఖ్యంగా రెండు ఎంజైమ్‌లు. ఒకటి ఫాక్టర్-10ను లేపుతుంది, ఇంకోటి ఫాక్టర్-5ను. ఒకటి ఇంజన్, ఒకటి ఆక్సిలరేటర్. పైన చెప్పిన మూడో బ్రేకు, టిష్యూ ఫాక్టర్ దగ్గర తలుపు వేసేది, ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పాము ఆ తలుపులోంచి రాలేదు, గోడ పగలగొట్టి నేరుగా మధ్య గదిలోకి వచ్చింది. మొదటి కాపలాదారు యాంటీథ్రాంబిన్ సెరీన్ ప్రోటియేజ్ అనే జాతి ఎంజైమ్‌లనే పట్టుకోగలదు. ఫాక్టర్-10ను లేపే విషపు ఎంజైమ్ ఆ జాతిది కాదు, జింక్ లోహం పెట్టుకుని పనిచేసే వేరే జాతి. కాపలాదారు దాన్ని దొంగగా గుర్తించడు. అది లేపిన త్రాంబిన్‌ను పట్టుకుంటూ పోతాడు, పట్టుకున్నకొద్దీ కొత్తది పుడుతూనే ఉంటుంది.

ఒకే ఒక గాయం దగ్గర జరగాల్సిన పని ఒంట్లో ఎక్కడపడితే అక్కడ చిన్నచిన్నగా జరుగుతుంది. అక్కడక్కడ సన్నని గడ్డలు కట్టడం, ప్లాస్మిన్ వచ్చి విప్పడం. లీటరు రక్తపు ద్రవంలో రెండునుంచి నాలుగు గ్రాముల దాకా ఉండాల్సిన ఫైబ్రినోజెన్ కరిగి కరిగి అయిపోతుంది. ఫాక్టర్-5, 8, 10 కూడా అయిపోతాయి. ఇక నిజంగా అవసరమైన చోట, చిగుళ్ళలో, సూది గుచ్చిన చోట, గడ్డకట్టడానికి సరుకు ఉండదు. గడ్డకట్టించే విషం రక్తాన్ని నీళ్ళు చేసేది ఇలా. మార్టిన్ 1893లో చూసిన రెండో దశ ఇదే. కిటికీ అంచున గొట్టంలో జారింది ఇదే. కిడ్నీలు దెబ్బతినడంలో కూడా ఈ సన్నని గడ్డల వాటా ఉంది. పెద్దబాపు మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నది అందుకే.

యాంటీవెనమ్ చేసేది ఒక్కటే, విషాన్ని పట్టుకుని పని ఆపించడం. అయిపోయిన ఫాక్టర్లను అది ఇవ్వదు, వాటిని లివర్ మళ్ళీ తయారు చెయ్యాలి. దానికి సుమారు ఆరు గంటలు. అందుకే మందు ఎక్కించాక ఆరు గంటలకు మళ్ళీ గాజు గొట్టం పెడతారు. ఆ రోజు మధ్యాహ్నం రెండోసారి పెట్టినప్పుడు డాక్టరు నన్నే వంచమన్నాడు. వంచాను. జెల్లీలా అడుగున నిలబడింది, జారలేదు. పెద్దబాపు నిద్రలో ఉన్నాడు. మా నాయన బయటికి వెళ్ళి చాయ్ తెచ్చాడు, అందరికీ, నర్సుకు కూడా.

ఆ యాంటీవెనమ్ గుర్రాల రక్తం నుంచి వస్తుంది. కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే గుర్రం ప్రతిదేహాలు తయారు చేస్తుంది. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా హద్దుల్లోనే, కొత్తూరు దగ్గర తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ దాన్ని తయారు చేస్తుంది. విషం మాత్రం ఎక్కువగా తమిళనాడు నుంచి వస్తుంది, చెన్నై దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని ఆపాలని ప్రమాణం. చిక్కేమిటంటే ఒకే పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది, తమిళనాడు పాము విషంతో చేసిన మందు అన్ని చోట్లా ఒకేలా పనిచెయ్యదు. పాములు పట్టేవాళ్ళ నైపుణ్యం మీద దేశమంతా ఆధారపడి ఉందన్నది రస్సెల్ కాలం నుంచీ మారనిది. ఈసారి కనీసం సంఘం పేరైనా ఉంది.

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షలమంది చనిపోయారని అంచనా వేసింది, ఏడాదికి సగటున 58,000. తెలంగాణతో కలిపి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒకటి. ఎక్కువమంది పల్లెల్లో, వానాకాలంలో. రాత్రి కరెంటు లెక్కలో ఎంతమంది పోయారో ఆ అంకెల్లో విడిగా కనిపించదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చింది. ఆ నిర్ణయం ఖర్చు గురించి చాలా చర్చలు చదివాను. అందులో స్టార్టర్ డబ్బా కింది గడ్డి ప్రస్తావన ఎక్కడా నా కంటబడలేదు.

*

లాబ్ బిల్లు సంగతి. రెండేళ్ళ కింద మా చెల్లెకు రెండోసారి గర్భం నిలవలేదు. హైదరాబాద్‌లో డాక్టరు కొన్ని పరీక్షలు రాసింది. బిల్లులో ఒక వరస: డి.ఆర్.వి.వి.టి. ఏమిటని ఫోన్‌లో వెతికాను. డైల్యూట్ రస్సెల్స్ వైపర్ వెనమ్ టైమ్. కొంతమంది ఒంట్లో తయారయ్యే ప్రతిదేహాలు గడ్డకట్టే గొలుసుతో తగువుపడి, గొట్టంలో రక్తాన్ని ఆలస్యం చేస్తాయి, ఒంట్లో మాత్రం గడ్డలు కట్టిస్తాయి, మాయలో కూడా. దాన్ని పట్టుకోవడానికి 1986లో పెరుమాళ్ త్యాగరాజన్ బృందం ఈ పరీక్ష పెట్టింది. పలుచని రక్తపింజర విషం వేసి, ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో చూడటం. మా చెల్లె రక్తం మామూలు సమయానికే కట్టింది. కారణం వేరేదని తేలింది, ఇప్పుడు దానికి ఏడు నెలల బిడ్డ.

బిడ్డను చూడటానికి పెద్దబాపు ఆలేరు నుంచి వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాను. రస్సెల్, గాజు, హేగ్‌మన్, త్రాంబిన్ బుద్ధి మారడం. ఓపిగ్గా విన్నాడు. లండన్ మందుల షాపు దగ్గర నవ్వాడు. కాటుకరేకుల పొడ అనే పేరు ఆయన ఎప్పుడూ వినలేదు, మా దిక్కు ఆ మాట లేదు. ఫోన్‌లో పాత పుస్తకంలోని బొమ్మ చూపించాను. రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఇదే. కని బొమ్మ గీసినోడు మచ్చలు మరీ గుండ్రంగ గీసిండురా. గట్లుండయి. జర కొనలు తేలి ఉంటయి, పసిపిల్ల కండ్లకు పెట్టిన కాటుక లెక్క."

ఫోన్ నాకిచ్చేసి, బిడ్డను ఇటివ్వమన్నాడు.